మే నెలలో గంగోత్రి లోయ: పొద్దున వెళ్ళి సాయంత్రానికి గదికి చేరే నడకలు ఎలా వేసుకోవాలి?

పలాస నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. మే 20 తర్వాత పది రోజులు హిమాలయాలకి వెళ్తున్నారు. తను, భార్య, ఎనిమిదో తరగతి పాప, అరవై ఒక్క ఏళ్ళ నాన్నగారు. నాన్నగారు బీపీ మాత్ర వేసుకుంటారు. టెంట్లు, బరువులు వద్దు. రోజూ పొద్దున నడకకి వెళ్ళి సాయంత్రానికి గదికి వచ్చేయాలి, గ్లేసియర్ దగ్గరగా చూడాలి. వేసుకున్న ప్లాను: ఢిల్లీ నుంచి మనాలి, చేరిన రోజే రోహ్‌తంగ్ కనుమ, మర్నాడు బియాస్ కుండ్ సరస్సు, అక్కడినుంచి కారులో గంగోత్రి, చివర్లో ఒక్కరోజులో గోముఖ్ (గ్లేసియర్ మొన, గంగ పుట్టే చోటు) వెళ్ళి రావడం. నాన్నగారికి గంగోత్రి దర్శనం ఎప్పటినుంచో కోరిక. మనాలి నుంచి గంగోత్రికి కారుకి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.

నేరుగా చెప్తాను. మనాలి తీసేయండి. పది రోజులూ గంగోత్రి లోయకే ఇవ్వండి. గోముఖ్ ఒక్కరోజులో పెట్టుకోవద్దు, ఆ దారిలో సగం దూరంలో ఉన్న చీడ్‌బాసా వరకు వెళ్ళి వెనక్కి రండి. రాత్రి పడక మొదట గంగోత్రికి కిందనున్న హర్సిల్‌లో, తర్వాతే గంగోత్రిలో. ఏ చోటు చూడాలన్నది ముందు ఖాయం చేసుకుని రోజులు సర్దారు మీరు. అక్కడ లెక్క దానికి తిరగేసి వెయ్యాలి. నిన్న రాత్రి ఏ ఎత్తులో పడుకున్నారన్నదాన్ని బట్టే ఈ రోజు ఎక్కడిదాకా నడవచ్చో తేలుతుంది.

నేను విజయనగరం జిల్లాలో హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. 2009 నుంచి వేసవి సెలవుల్లో స్నేహితులతో, వాళ్ళ కుటుంబాలతో అటు వెళ్తున్నాను. పర్వతారోహణ నా పని కాదు, తాడు పట్టుకుని మంచుగోడలు ఎక్కినవాణ్ణి కాదు. మీలాగే రాత్రికి గదికొచ్చి పడుకునే నడకలే చేశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఎత్తు సంగతి. మీరు బయల్దేరేది సముద్రం పక్కనుంచి. గంగోత్రి గుడి సుమారు 3,100 మీటర్లు. మీ ఊరి పక్కన మహేంద్రగిరి 1,501 మీటర్లు, అంటే గుడి మెట్టు దగ్గరే దానికి రెట్టింపు ఎత్తులో ఉంటారు. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 3,100 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికీ అందేది మన దగ్గర అందేదాంట్లో సుమారు 70 శాతం. నీళ్ళు కూడా 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అందుకే అక్కడ కుక్కరు లేకుండా వండిన అన్నం పలుకుగా ఉంటుంది. మన వంటకి పట్టిన ఇబ్బందే మన ఒంటికీ పడుతుంది. ఒళ్ళు సర్దుకుంటుంది గానీ దానికి రాత్రులు కావాలి. డబ్బు పెట్టినా, కుర్రతనం ఉన్నా ఆ రాత్రులు తగ్గవు.

వైద్యులు చెప్పే పద్ధతి ఇది: 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెంచకూడదు. పగలు అంతకంటే పైకి వెళ్ళి రావచ్చు. పడక మాత్రం కింద ఉండాలి. మీలా గదిలో దిగి పగటిపూట నడిచేవాళ్ళకి ఇది బాగా కలిసొచ్చే సంగతి, ఎందుకంటే పగలు ఎక్కి రాత్రికి దిగడమే మీ పద్ధతి.

2014లో దీన్ని మేమే పట్టించుకోలేదు. రిషికేశ్‌లో తెల్లారి కారెక్కి రాత్రికి గంగోత్రిలో దిగాం. అయిదుగురం. అందులో లెక్కల మాస్టారు, నలభై అయిదేళ్ళు, మాలో అందరికంటే గట్టివాడు, రోజూ ఊళ్ళో ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాడు. చేరినప్పుడు బాగానే ఉన్నాడు. రాత్రి తలనొప్పి అన్నాడు. అన్నం సయించలేదు. "పైత్యం చేసింది, ఘాట్ రోడ్డు కదా" అని నిమ్మకాయ సోడా తాగించాం. ఎత్తు జబ్బు చేరిన వెంటనే రాదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. ఆ సంగతి నాకు తెలిసి కూడా ఆ రాత్రి తోచలేదు. తెల్లవారుజామున రెండుసార్లు వాంతి అయింది. లేపి, మడమకి బొటనవేలు ఆనిస్తూ గీతమీద నడిచినట్టు నడవమన్నాను. మూడో అడుగులో పక్కకి పడిపోయాడు. అప్పుడు భయం వేసింది. అరగంటలో కారెక్కించి హర్సిల్ దింపాం, అక్కడా ఆగకుండా ఉత్తరకాశీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సాయంత్రానికి మనిషి తేరుకున్నాడు. ఇంకో పూట ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పటినుంచి నేను పెట్టుకున్న నియమం: ఎత్తుకి వెళ్ళాక వచ్చిన తలనొప్పికి, వేరే కారణం తేలేదాకా, ఎత్తే కారణం అనుకోవాలి. తలనొప్పి ఒక్కటే ఉంటే ఆ రోజు పైకి వెళ్ళకుండా అక్కడే ఉండాలి. తలనొప్పికి వాంతి తోడైతే కిందికి దిగాలి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా రాత్రీ పగలూ చూడకుండా దించాలి. పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. పాప "తల నొప్పి" అని చెప్పకపోవచ్చు. ఆడకుండా, తినకుండా, చిరాగ్గా ఒక మూల కూర్చుంటే అదే సూచన అనుకోండి.

ఇప్పుడు నేనైతే రోజులు ఎలా వేస్తానో చెప్తాను. హరిద్వార్‌లో రైలు దిగి మొదటి రాత్రి ఉత్తరకాశీ, సుమారు 1,150 మీటర్లు. రెండో రోజు హర్సిల్, సుమారు 2,600. అక్కడ మూడు రాత్రులు. మూడో రోజు పెద్దగా ఎక్కుడు లేని నడక: భాగీరథి (అక్కడ గంగ పేరు) ఒడ్డున బగోరీ ఊరు, వంతెన దాటి ముఖ్బా. చలికాలంలో గుడి మూసేశాక గంగమ్మ ఉత్సవమూర్తిని తెచ్చి ఉంచేది ఆ ముఖ్బాలోనే. నాన్నగారికి ఆ ఊరు నచ్చుతుంది. నాలుగో రోజు కారులో గంగోత్రి, దర్శనం, గుడి వెనకవైపు దేవదారుల్లో కాసేపు నడక, రాత్రికి మళ్ళీ హర్సిల్. పాతిక కిలోమీటర్లే కాబట్టి ఇబ్బంది లేదు.

అయిదో రోజు గర్తాంగ్ గలీ. ఇది చాలామందికి తెలియదు. భైరవ్‌ఘాటీ దగ్గర, నిలువు బండకి ఆనించి కట్టిన చెక్క దారి. ఒకప్పుడు టిబెట్‌తో వర్తకం చేసేవాళ్ళు దీనిమీదే నడిచేవారు. 1962 యుద్ధం తర్వాత మూసేసి, బాగుచేసి 2021లో తెరిచారు. పూట పడుతుందంతే. ఆ చెక్కలమీద నిలబడి కిందికి చూస్తే జాడ్ గంగ లోయ ఎంత లోతో తెలుస్తుంది. ఎత్తు నుంచి చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ముందే తేల్చుకోవాలి. ఆ రాత్రి మొదటిసారి గంగోత్రిలో పడక. ఆరో రోజు చీడ్‌బాసా. ఏడో రోజు ఖాళీ. ఈ ఖాళీ రోజుని ఎవరు ఎంత బతిమాలినా నింపకండి. వాన పడినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా మొత్తం ప్లానుని కాపాడేది ఆ ఒక్క రోజే.

గోముఖ్ ఎందుకు వద్దంటున్నానంటే, గంగోత్రి నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు, రానూపోనూ ముప్పై ఆరు. చేరేది సుమారు 3,900 మీటర్ల ఎత్తుకి. గట్టి కుర్రాళ్ళు చేస్తారు. పాపతో, నాన్నగారితో కుదరదు. గోముఖ్ చూడాలంటే పద్నాలుగో కిలోమీటరు దగ్గర భోజ్‌బాసాలో రాత్రి ఆగాలి. తొమ్మిదో కిలోమీటరు దగ్గర చీడ్‌బాసా, సుమారు 3,600. చీడ్ అంటే వాళ్ళ భాషలో పైన్ చెట్టు. భోజ్ అంటే మన తాళపత్రాల్లాగే పూర్వం రాతకి వాడిన భూర్జపత్రం చెట్టు. చీడ్‌బాసా దారిలోనే భాగీరథి శిఖరాలు ఎదురుగా కనిపిస్తాయి. వాటిలో పెద్దది 6,856 మీటర్లు. మా అమ్మాయి మొదటిసారి చూసినప్పుడు పది నిమిషాలు మాట్లాడలేదు. అంతవరకు వెళ్ళినా మీ పాపకి జీవితాంతం గుర్తుంటుంది.

ఈ దారికి అటవీశాఖ అనుమతి కావాలి, రోజుకి 150 మందికే ఇస్తారు. మే నెలాఖరు రద్దీలో ముందే తీసుకోవాలి. చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్ వేరు, అదీ తప్పనిసరి. ఇవి రెండూ టికెట్లతో పాటే చూసుకోండి.

టైము లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఒక లెక్క చెప్పాడు: అయిదు కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. ఆ లెక్కన చీడ్‌బాసాకి తొమ్మిది కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు, రెండున్నర గంటల పైచిలుకు. పల్చటి గాలిలో, కుటుంబంతో వెళ్ళే మనం దాన్ని రెట్టింపు చేసుకోవాలి. అయిదున్నరకి బయల్దేరితే పదిన్నరకి, పదకొండుకి చేరతారు. దిగడానికి నాలుగు గంటలు. మూడున్నరకి గదిలో ఉంటారు. ఎక్కడ ఉన్నా సరే, పన్నెండు కొట్టగానే వెనక్కి తిరగాలి. ఈ మాట బయల్దేరే ముందు రాత్రే నలుగురూ ఒప్పుకోవాలి. దారిలో కూర్చుని తేల్చుకుందామంటే ఎప్పుడూ "ఇంకాస్త దూరమే కదా" అన్నవాళ్ళ మాటే గెలుస్తుంది.

పన్నెండు అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు. కారణాలు రెండు. మొదటిది మబ్బు. మే, జూన్‌లలో అక్కడ పొద్దున నీలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి మూసుకుపోతుంది. పిడుగు, వడగళ్ళు, ఒక్కోసారి మంచు. ఇది వేసవి కదా అనుకోవద్దు. 2024 జూన్ మొదటివారంలో అదే ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ దారిలో మంచుతుఫానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళు తొమ్మిదిమంది చనిపోయారు. అనుభవం ఉన్నవాళ్ళు, గైడ్లతో వెళ్ళినవాళ్ళు. ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు తేరుకోలేకపోయాను.

రెండో కారణం నీళ్ళు. మన వైపు వాళ్ళకి ఇది కొత్త. ఒడిశాలో పైన వాన పడితే ఇక్కడ నాగావళి, వంశధార పొంగుతాయి. గ్లేసియర్ కింద పుట్టిన వాగుకి వాన అక్కర్లేదు, ఎండే దానికి వరద. పొద్దున చలికి కరగడం ఆగి వాగు సన్నగా ఉంటుంది. ఎండెక్కినకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నం దాటాక ఉధృతంగా పారుతుంది. (అక్కడ కొండవాగుని "గాడ్" అంటారు. మన "గెడ్డ" అన్న మాటకి ఎంత దగ్గరగా ఉందో చూడండి, మొదటిసారి విన్నప్పుడు ఊరివాళ్ళ మాట విన్నట్టు అనిపించింది.) 2011లో భోజ్‌బాసా దారిలో ఒక గాడ్‌ని పొద్దున ఏడింటికి రాళ్ళమీద కాలు తడవకుండా దాటాం. తిరిగొచ్చేసరికి మూడయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, నీళ్ళు మోకాళ్ళు దాటాయి, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు నీళ్ళ అడుగునుంచి వినిపిస్తోంది. పట్టు దొరకదు, పైగా కరిగిన మంచునీళ్ళు, రెండు నిమిషాల్లో పాదం ఉందో లేదో తెలియదు. కట్టెల మోపుతో వచ్చిన స్థానికుడు చెయ్యి పట్టి పైవైపు వెడల్పాటి చోట ఒక్కొక్కరినీ దాటించాడు. వెడల్పుగా ఉన్నచోట లోతు తక్కువ, వేగం తక్కువ. సన్నగా, తేలిగ్గా దాటొచ్చనిపించే చోటే ప్రమాదం. దుంగ వంతెనలు ఉన్నచోట వాటిమీదే వెళ్ళండి.

గ్లేసియర్ చూడాలన్నారు కాబట్టి ఒక మాట. గ్లేసియర్ అంటే తెల్లగా మెరిసే మంచునది అనుకుంటాం. సుమారు ముప్పై కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి గ్లేసియర్ కింది భాగం టెక్కలి గ్రానైటు క్వారీల పక్కన పోసిన రాళ్ళగుట్టలా ఉంటుంది, బూడిదరంగు రాళ్ళు, మట్టి. దానికింద ఉన్నది అంతా గట్టి మంచే. రాళ్ళమీద నిలబడ్డామనుకుంటాం, నిలబడింది కదిలే మంచుమీద. మధ్యలో లోతైన పగుళ్ళుంటాయి, వాటిని కొత్త మంచు కప్పేస్తే కనిపించవు. గోముఖ్ మంచుగోడ నుంచి ఎండ పూట పెద్ద ముక్కలు విరిగి పడతాయి. ఎప్పుడు వెళ్ళినా ఆ గోడకి దూరంగానే నిలబడాలి. తాడు, శిక్షణ పొందిన గైడు లేకుండా గ్లేసియర్ మీద అడుగు పెట్టకూడదు.

మే నెలలో దారి పక్కన, గాడ్‌ల మీద పాత మంచు పలకలు మిగిలి ఉంటాయి. చూడ్డానికి గట్టిగా ఉంటాయి, ఫొటోకి ముచ్చటగా ఉంటాయి. కింద నీళ్ళు పారుతూ ఆ పలకని లోపలినుంచి తినేస్తుంటాయి. మా గుంపులో ఒక కుర్రాడు ఫొటో కోసం ఎక్కి తొడదాకా దిగబడ్డాడు. నలుగురం లాగితే వచ్చాడు, కాలిబూటు కింద వాగులో పోయింది. పాపకి ముందే చెప్పండి: నల్లని నేల మీదే నడక, తెల్లదాని మీద వద్దు.

పొద్దు విషయంలోనూ మోసపోతాం. హర్సిల్‌లో మే నెలలో సూర్యాస్తమయం మన పలాస కంటే ముప్పావు గంట ఆలస్యం. "ఏడైనా వెలుతురుంది" అని ధీమా వస్తుంది. కానీ అది ఇరుకు లోయ, ఎండ శిఖరం వెనక్కి తప్పుకోగానే చలి ఒక్కసారిగా కమ్ముకుంటుంది. వెలుతురు ఉన్నంతసేపూ వెచ్చదనం ఉండదు.

బట్టలు, తిండి గురించి ఎక్కువ రాయను. కాటన్ బనియన్ చెమటకి తడిసి ఒంటికి అంటుకుని చలి పెడుతుంది. ఆటల టీషర్టు గుడ్డ మేలు, దానిపైన స్వెటరు, దానిపైన గాలీ వానా ఆపే కోటు. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అది గుర్తుంటే చాలు. అడుగున గట్లున్న బూట్లు కొని ఇక్కడే నెల రోజులు తొడగండి. నల్లకళ్ళద్దాలు నలుగురికీ తప్పనిసరి, మంచుమీద తిరగబడిన ఎండ కళ్ళని కాలుస్తుంది. తిండికి మీ ఊరి జీడిపప్పు, నువ్వుండలు, మామిడితాండ్ర కంటే మంచివి నాకు తెలియవు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి అరగంటకోసారి నోట్లో వేసుకుంటూ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తాగుతూ వెళ్ళండి.

ఇంకా టైముంది కాబట్టి ఇక్కడే కాళ్ళు సిద్ధం చేసుకోండి. వారానికి ఒకసారి పెద్ద ఎక్కుడు. మీకు మందస వైపు నుంచి మహేంద్రగిరి ఉంది, మేం రామతీర్థం కొండలు ఎక్కుతాం. ఎండలు ముదిరాక తెల్లవారకముందే మొదలెట్టి తొమ్మిదికల్లా దిగిపోవాలి. వీటివల్ల పల్చటి గాలి అలవాటు కాదు, ఆ ఎత్తు చాలదు. కాళ్ళకీ, మోకాళ్ళకీ, ముఖ్యంగా దిగుడుకి బలం వస్తుంది.

గది తీసుకునేటప్పుడు ఒకటి చూడండి. 2025 ఆగస్టు 5న బురద వరద ముంచేసిన ధరాలీ, హర్సిల్‌కీ గంగోత్రికీ మధ్యలోదే. కొండమీదినుంచి గాడ్ దిగి నదిలో కలిసే చోట, ఆ రాళ్ళమేటమీద కట్టిన హోటల్లో దిగకండి, వ్యూ ఎంత బాగున్నా సరే. సెలవులు మార్చుకోగలిగితే సెప్టెంబరు నెలాఖరు మేలు. జూన్ చివరినుంచి ఆ లోయలో వానలూ, కొండచరియలూ.

ఇక నాన్నగారు. బయల్దేరే నెల ముందు ఆయన్ని చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, 3,100 మీటర్లలో రెండు రాత్రులు పడుకుంటారని స్పష్టంగా చెప్పండి. "యాత్రకి వెళ్తున్నాం" అంటే సరిపోదు, ఎత్తు అంకె చెప్పాలి. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఎత్తుకి ముందు జాగ్రత్తగా వాడతారు గానీ, బీపీ మాత్రల్లో కొన్నిటితో కలిపి చూసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. పక్కింటివాళ్ళు వేసుకున్నారని వేసుకునే మాత్ర కాదది. బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు. చీడ్‌బాసా రోజు ఆయన్ని గంగోత్రిలో ఒంటరిగా వదలొద్దు. మీరిద్దరిలో ఒకరు ఉండండి, ఇంకొకరు పాపని తీసుకుని స్థానిక గైడుతో వెళ్ళండి. ఆయన గుడి దగ్గర గంగ ఒడ్డున కూర్చుంటారు, ఆయన వచ్చింది దానికోసమే.

మనాలి కారు ఇవాళే రద్దు చేసుకోండి. అడ్వాన్సు పోయినా పోనివ్వండి, ఆ రోడ్డుమీద పోయే రెండు రోజులు మీకు హర్సిల్‌లో కావాలి.